పావు చుట్టు

ఆలాపల్లి టింబరు డిపోలో నాకు మూడు భాషలతో పని.
రశీదు మీద మరాఠీ,
నోట్లో తెలుగు,
దుంగ కొసన ఎర్రరంగుతో అంకెలు.

ప్రాణహిత అవతలి నుంచి వచ్చిన వడ్ల రాజమొగిలి
దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగి
అంకె ముందు గొంతుక్కూర్చున్నాడు.
"పాయింటు రెండు ఎనిమిది మూడా? గదేం లెక్కనక్కా?
అడుగుల్ల జెప్పు.
దర్వాజకు ఎన్నడుగులు పడ్తదో నా చేతికెరుక.
మీటరు నా చేతికి తెల్వది."

ముప్పై అయిదు పాయింటు మూడు ఒకటితో హెచ్చవేశాను.
పది, కాస్త అటూ ఇటూ.
పది ఘనపుటడుగులు అనగానే అతని మొహం
తప్పిపోయిన మేక తనంతట తానే
కొట్టంలోకొచ్చినట్టు వెలిగింది.

ఆ పదే నన్ను ఒక ఏడాది నిద్రపోనివ్వలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో
కొలతలు తీసే లాలసు మడావి
నూలుతాడు తీసుకొని ఇలాంటి దుంగకే నడుముకు చుట్టాడు.
నాలుగడుగులు.
తాడు మడిచాడు, మళ్ళీ మడిచాడు.
పావు చుట్టు, ఒక్క అడుగు.
ఒకటిని ఒకటితో, వచ్చినదాన్ని పొడుగు పదితో.
"పది. రాస్కో."

నేను బల్లార్షాలో డిగ్రీ చదివినదాన్ని,
గుండ్రటి దానికి గుండ్రటి లెక్క ఉంటుందని తెలిసినదాన్ని.
ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక వేసి చూస్తే
పన్నెండూ ముప్పావుకు పిసరు తక్కువ.
మరి ఆ రెండూ ముప్పావు అడుగులూ ఏవి?

రేంజరు సాబుని అడిగాను. నియమం అన్నాడు,
ఫైలు మూసేస్తూ.
మిల్లు సేటు తుమ్మలవార్ నవ్వి
చాయ్ తెప్పించాడు.
లాలసుని అడిగాను.
"నాకు కూలి దుంగకింత.
లోపల ఎన్నడుగులుంటే నాకేం?" అని
తాడు భుజానేసుకుని పక్క వరసకు పోయాడు.

ఆదివారం నాడు సిరొంచ మిల్లుకు నేనే వెళ్ళాను,
రాజమొగిలి దుంగ రంపమెక్కుతుంటే చూడ్డానికి.
మొదటి కోతకు ఒక వైపు బెరడు, తెల్లచేవ.
తిప్పారు. ఇంకో వైపు.
నాలుగు కోతలయ్యేసరికి
చెట్టులాగా పెరిగింది పెట్టెలాగా మిగిలింది.
నాలుగు పక్కలా రాలిన వంపు పలకల్ని
ఎవరూ కొలవలేదు, ఎర్రరంగు పూయలేదు.
లెక్కలో లేనిది కనుక ధర లేదు.
పొట్టు ఊడ్చే మల్లుబాయి వాటిని ఏరి మోపు కట్టుకుంది.

"గీ పలకలు సక్కగ మండయ్. ఒకటే పొగ," అంది,
పొద్దున్నే మండుతున్నట్టు కళ్ళు తుడుచుకుంటూ.
"మీటర్లు అడుగులు జేస్తవట గదా,
గీ మోపెంతైతదో జెప్పు రాదు."

ఫోను తీశాను. మళ్ళీ లోపల పెట్టాను.
బెరడుకు, పొగకు, ఇంటిదాకా నాలుగు మైళ్ళకు
నా దగ్గర ఏ గుణకమూ లేదు.

వంగి మోపుకు ఒక కొస పట్టుకున్నాను,
ఆమె నెత్తికెత్తడానికి.

చాలా బరువుంది.