నూట పద్నాలుగో కార్డు

లూయిస్టన్‌లో మంచు. లాండ్రోమాట్‌లో
ఆరో నంబరు డ్రయ్యర్ మీద మోచేతులాన్చి
ఇఫ్రా కార్డులు తిప్పుతోంది.
మెడికల్ ఎంట్రన్సుకి ఇంకా పదకొండు రోజులు.
గుండె గదులు, ఆమ్లాలు, క్షారాలు నోటికొచ్చేశాయట.
మనుషుల పేపరొక్కటే మొరాయిస్తోంది.

నూట పద్నాలుగు:
చూసేవాళ్ళు ఎక్కువైన కొద్దీ
చెయ్యందించేవాళ్ళు తగ్గుతారు.
దీన్నేమంటారు?

అవతల ముసలాయన డబ్బా జారింది.
చిల్లరంతా గలగలా మిషన్ల కిందికి.
నాతో కలిపి తొమ్మిదిమందిమి.
ఎవరి ఫోను వాళ్ళది.

ఇఫ్రా పెదాలు కదిలాయి.
కార్డు తిప్పి చూసుకుంది. జవాబు కరెక్టే.

అప్పుడు గానీ
ఆమె మోకాళ్ళు తడినేలను తాకలేదు.

హ్యాంగరు తీగతో లాగిన ఆఖరి క్వార్టరు
ఆయన చేతిలో పెడుతూ
ఏదో అంది.
డ్రయ్యర్ల హోరులో నాకు వినపడలేదు.
సారీ అనుకుంటా.