ఉత్తరం వచ్చింది

మెట్ల కింద, బంగాళాదుంపల బస్తా పక్కన
నావి మూడు కంప్యూటర్లు.
ఒకటి స్కూలువాళ్లు పారేసింది.
ఒకటి తెర పగిలిన ల్యాప్‌టాప్.
మూడోది అరచేతిలో పట్టే బోర్డు, దానికి పెట్టె లేదు,
హెల్వే జామ్ సీసా మూతలో కూర్చోబెట్టాను.
పిట్ట కొంచెం కూత ఘనం అంటుంది తను
రాత్రి దాని ఫ్యాన్ గీపెట్టినప్పుడల్లా.

నలభై ఏళ్లు విల్యండి పాల ఫ్యాక్టరీలో ఫిట్టర్ని.
పైపు ఎక్కడ కారుతోందో చెవి ఆనించి చెప్పేవాణ్ణి.
ఇప్పుడు కారే పైపుల్లేవు,
అందుకని లేని రోగాలకి మందు కనిపెడుతుంటాను.

గుమ్మం నుంచి గేటు దగ్గర పోస్టు డబ్బాకి
ఇరవై రెండు అడుగులు.
మంచులో ఆ ఇరవై రెండూ నడవక్కర్లేకుండా
ఏడు వారాలు కష్టపడ్డాను.
డబ్బాలో వేలిగోరంత సెన్సర్,
కంచె వెంట మేకులు కొట్టి లాగిన తీగ,
తడి చొరకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క,
సోల్డర్ చుక్క పడి బొబ్బెక్కిన బొటనవేలు.
చివరికి మార్చిలో ఒక సాయంత్రం ఫోన్ టింగుమంది:
ఉత్తరం వచ్చింది.
కరెంటు బిల్లు.
"లెయ్దా సైకిలు నాకు కిటికీలోంచే కనిపించిందిగా"
అంది హెల్వే, అంట్లు తోముతూ.

ఏప్రిల్ మధ్యలో మొదలైంది.
ఉత్తరం వచ్చింది. ఉత్తరం వచ్చింది.
తెల్లారి ఐదున్నరకి. ఆదివారం పూట.
ఒక్క రోజులో డెబ్బై మూడు!
నాకెవరు రాస్తారు ఇన్ని?
ఉన్న ఒక్క తమ్ముడితో మాటల్లేక పదకొండేళ్లు.

వారం రాత్రులు కోడ్ తెరిచి
వరస వరసా వేలు పెట్టి చదివాను.
గాలికి కదులుతోందేమోనని ఒక అంకె పెంచాను,
తేమేమోనని ఇంకో అంకె తగ్గించాను,
తీగ ఈ చివర కోసి మళ్లీ అతికాను.
డబ్బా మూత మాత్రం తెరవలేదు.
మెట్ల కింద కూచున్నవాడికి
లోకంలో తప్పంతా మెట్ల కిందే ఉంటుంది.

తొమ్మిదో రోజు హెల్వే వెళ్లి చూసొచ్చింది.
నోటి మీద వేలుంచుకుని, రా అంది.

నాచు, కుక్క బొచ్చు,
ఎవరి మఫ్లర్లోంచో పీక్కొచ్చిన నీలం ఉన్నిపోగు,
నడుమ పసుపు పొట్ట పిట్ట,
మెడ నుంచి కిందికి నల్ల టై కట్టుకున్నట్టు.
గుప్పెడైనా లేదు, నన్ను చూసి పాములా బుస్సుమంది.
మూత నెమ్మదిగా దించాను.

గేటుకి చీటీ అంటించాం:
లెయ్దా, ఉత్తరాలు కిటికీ గట్టు మీద పెట్టు,
ఇక్కడ బాలింత ఉంది.

మే నెలంతా నా బోర్డు
ఆ ఇంటి పద్దు రాసింది.
వానరోజు నూట పది రాకలు.
ఎండరోజు మూడు వందల నలభై.
పురుగుకో వరస, వరసకో గంట, నిమిషం.
నలభై ఏళ్లలో నా హాజరు పట్టీ
ఇంత నిజాయితీగా ఎప్పుడూ లేదు.

జూన్ తొమ్మిదిన, పన్నెండు.
పదిన సున్నా.
సున్నాలో తప్పుందేమోనని
అన్ని తీగలూ లాగి చూశాను.
లేదు. సెన్సర్ బాగానే ఉంది.

మా ఎన్డెల్ చిన్నప్పుడు పిట్టలకి చెక్కపెట్టెలు కొట్టేవాడు,
కన్నం ఎంతుండాలో బొటనవేలు దూర్చి కొలిచేవాడు.
నాన్న పడవ మోటారు ఎవరిదన్న మాట దగ్గర
మేం మాటలు మానేశాం.
మోటారు ఇప్పటికీ నా షెడ్డులోనే ఉంది, తిరగదు.
ఆ నెల లెక్కంతా గీతగా గీయించి
ఒక కాగితం మీద ముద్రించాను:
ఎక్కి, ఎక్కి, ఒక్కసారి నేలకి దిగిపోయే గీత.
కింద ఏం రాయాలో తోచలేదు.
ఏమీ రాయకుండానే కవరులో పెట్టి,
అతని పేరు రాసి, లెయ్దా చేతికిచ్చాను.

గూడు తీసి, డబ్బా కడిగి, ఎండబెట్టాను.
చీటీ పీకేశాను.

ఇవాళ జూలై పందొమ్మిది.
ఇప్పుడే ఫోన్ టింగుమంది.
సాలెపురుగు కావచ్చు. కందిరీగ కావచ్చు.
కోడ్ తెరిచి చూడొచ్చు.
ఇరవై రెండు అడుగులే కదా,
చెప్పులు వెతుక్కుంటున్నాను.