గ్లాసులో నీళ్ళు

మంచం పక్కన స్టూలు మీద
సగం నిండిన గాజుగ్లాసు.
తాగడానికి కాదు.

వాల్పరైసోలో అర్ధరాత్రి మెలకువ వస్తే
ఎవరైనా ముందు చూసేది గడియారాన్ని కాదు,
పైన వేలాడే దీపాన్ని.
దీపం ఊగితే నేల.
ఊగకపోతే కల.
మూడోది ఒకటి ఉంటుందని
అరవై రెండేళ్ళు నాకెవరూ చెప్పలేదు.

మార్చిలో మొదలైంది.
కునుకు పట్టే అంచున
ముందు మడమల్లో,
తర్వాత తొడల లోపల, తర్వాత వెన్నులో,
సీసాలో పడ్డ తుమ్మెదలా
సన్నని జుమ్ము.
"ఎల్యోదోరో, లే, నేల కదుల్తోంది!"
అతను దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు,
దుప్పటి చెవులదాకా లాక్కున్నాడు.
గ్లాసులో నీళ్ళు
ఇస్త్రీ చేసినట్టున్నాయి.

చేతులు చాపి చూసుకున్నాను.
వేళ్ళు నిబ్బరంగానే ఉన్నాయి.
వణుకు గడప దాటి బయటికి రాదు,
లోపలే కాపురం పెట్టింది.

పొద్దున్నే మెట్ల మీద ఓర్తెన్సియాని అడిగాను,
"రాత్రి నీకు తెలిసిందా?"
మా కొండ మీద అది "తిన్నావా" లాంటి ప్రశ్న.
ఆవిడ తలుపు మీద చెయ్యేసి ఆలోచించింది, మర్యాదకి.
"లేదమ్మా, మొద్దునిద్ర పోయినట్టున్నాను."
నాలుగోరోజు నుంచి అడగడం మానేశాను.

డాక్టరు కుర్రాడు, మంచివాడు.
నెత్తురు తీయించాడు, తలని గొట్టంలో దూర్చి ఫోటోలు తీయించాడు,
మోకాలి మీద బుల్లి సుత్తితో కొట్టాడు.
"అన్నీ బాగున్నాయి" అన్నాడు
శుభవార్త చెప్పే గొంతుతో.
ఏం పని చేసేవారు అన్నాడు.
కొండపైకి జనాన్ని లాగే ఇనుపతాళ్ళ బండి దగ్గర
ముప్పై ఒక్కేళ్ళు టిక్కెట్లు కోశాను,
నా కుర్చీ కిందే ఇంజను.
పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది.
"అదేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను."
ఆ ఒక్క మాటకే అతన్ని నమ్మాను.

కాఫీ మానేశాను. మెగ్నీషియం మాత్రలు మింగాను.
ఎడమకి తిరిగి, కుడికి తిరిగి, బోర్లా.
మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే పావుగంట నయం.
ఓసారి ఓర్తెన్సియా పిల్లి కిటికీలోంచి దూకి
నా పొట్ట మీద పడుకుంది.
దాని గురగురలో నాది కలిసిపోయి
ఏది ఎవరిదో తేలక
రెండు గంటలు నిద్రపోయాను.
పిల్లి రోజూ రాదు. పిల్లులకి వాటి పనులుంటాయి.

మిగతా రాత్రులు వంటింట్లో నిలబడి
రేవులో ఓడల దీపాలు లెక్కపెడతాను.
దానితో మాట్లాడతాను కూడా.
ఎక్కడిదాకా నీ టిక్కెట్టు?
కొండ అయిపోయింది, దిగు.
దిగదు.

ఆగస్టులో ఒక రాత్రి
అలాగే పడుకుని ఉన్నాను, అదే జుమ్ము.
అలవాటుకొద్దీ గ్లాసు వైపు చూశాను.
నీళ్ళ మీద ఒక వలయం.
దాని లోపల ఇంకొకటి.
అంతలో అలమరలో కప్పులు పళ్ళు పటపటలాడించాయి,
గోడల రేకులు గొల్లుమన్నాయి,
దీపం ఊగింది, ఊగింది,
కొండకొండంతా కుక్కలు,
కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి కళ్ళు తెరిచాయి.
ఎల్యోదోరో బనీనుతో గుమ్మం కింద నిలబడి
రా, రా అని చెయ్యి చాపాడు.
పట్టుకున్నాను. ఆ చెయ్యి వణుకుతోంది.

భయపడాల్సింది నేను.
సముద్రం వైపు సైరను మోగుతుందేమోనని
చెవి రిక్కించాల్సింది.
చెప్పడానికి సిగ్గుగా ఉంది,
ఆ నలభై సెకన్లూ
నాకు హాయిగా ఉంది.
ఊరంతా నా ఒంట్లోకి వచ్చి కూర్చున్నట్టు.

వీధిలో, నైటీ మీద కోటు తొడుక్కుని, ఓర్తెన్సియా.
"తెలిసిందా? నీకు తెలిసిందా?"
నవ్వు ఆగలేదు నాకు.
"తెలిసింది" అన్నాను, "మార్చి నుంచీ."
ఆవిడ నవ్వలేదు.
చంకలో ఉన్న పిల్లిని నా చేతుల్లో పెట్టి
లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ పడుకునేసరికి
గ్లాసులో నీళ్ళు సర్దుకున్నాయి.
నేను ఇంకా లేదు.
ఎల్యోదోరో నా వీపుకి చెవి ఆనించి
చాలాసేపు విన్నాడు.
"ఏమీ వినపడట్లేదు" అన్నాడు,
చెవి తీయకుండా.