గుండు, బద్ద, ముక్క

సాయంత్రం ఐదున్నరకి తూకం.
మా అమ్మ వరసలో ఏడోది.
తట్ట నా ముందు పెడుతుంది,
నా మొహం చూడదు.
ఈ షెడ్డులో నేను కూతుర్ని కాదు, బుక్కుని.

గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు.
గుండుకి రేటుంది.
బద్దకి తరుగుంది.
ముక్కకి, "నీ గోళ్లు పెరిగిపోనాయేటే?" అని
ఓనరు మాట ఒకటి అదనం.

కాశీబుగ్గలో బీకాం చదివేను.
మూడేళ్ల డెబిట్టూ క్రెడిట్టూ
ఈ రూళ్ల పుస్తకంలో రెండు గడులయ్యేయి:
వచ్చిన పిక్క, వెళ్లిన పప్పు.
మధ్యలో అరిగిన వేళ్లకి గడి లేదు.

తవిటమ్మ పిన్ని పదిహేడేళ్లు
పిక్కలు కోసే మిషను దగ్గర కూర్చుంది.
కాలితో తొక్కి, చేత్తో తిప్పి,
జీడి అంటకుండా బూడిద పూసుకుని.
జీడి బూడిద మాట వినదు.
మొన్న రేషన్ డిపోలో వేలు పెడితే
సరిపోలలేదంది డబ్బా.
బొటనవేలు. చూపుడువేలు. ఎడం చెయ్యి.
కొంగుకి తుడిచి మళ్లీ బొటనవేలు.
వెనకాల ఎవరో నవ్వేరు. తనూ నవ్వింది.
"నానెవుల్నో నాకు తెల్దేటి బాబూ,
ఈ డబ్బా సెప్పాలేటి?"
బియ్యం మాత్రం ఇవ్వలేదు.

పోయినేడు ఉద్యోగానికి బెజవాడ రమ్మన్నారు.
రాత్రంతా జనరల్ పెట్టెలో, తలుపు పక్కన.
మందసా వైపు మనుషులు ఇరవైమంది,
గమేళాలు, పారలు, గోనెలో చుట్టిన ఒక చంటిది.
వాళ్లు అక్కడ కట్టడానికి వెళ్తున్నారు,
నేను అడగడానికి.
తెల్లారి స్టేషన్ బయట
వాళ్ల కోసం లారీ ముందే వచ్చి ఉంది.
నేను దారి అడుక్కుంటూ నడిచేను.

ఇస్త్రీ నలగని చొక్కా ఆయన
"ఏ జిల్లా అమ్మా?" అన్నాడు.
చెప్పేను.
"అబ్బో, చాలా దూరం."
పక్కనావిడ నా మాట విని మురిసిపోయింది,
"భలే ఉందండీ, సినిమాలో కామెడీలాగ."
ఆ గదికి మా ఊరెంత దూరమో
మా ఊరికి ఆ గదీ అంతే కదా అని
తిరుగు రైల్లో, తుని దాటేక తోచింది.
అక్కడ తోచలేదు.
అక్కడ "అవునండీ" అన్నాను.
నా కాగితం మీదా, వాళ్ల గుమ్మం బోర్డు మీదా
రాష్ట్రం పేరు ఒకటే.

బండికి ఇంకా మూడు గంటలుంటే
మిఠాయి కొట్టు ముందు నిలబడ్డాను.
గాజు పెట్టెలో, వెండి రేకు కప్పుకుని,
పలకలు పలకలుగా మా జీడిపప్పు.
ధర చదివేను. ఊరికే ఉండలేని బుర్ర లెక్క కట్టింది:
కిలో అంటే, అమ్మ నాలుగు రోజులు.
గుండో బద్దో పోల్చుకుందామని వంగేను.
"అదేం లేదమ్మా," అన్నాడు కొట్టతను,
"దీనికి ముక్కే. ఎలాగూ రుబ్బేస్తాం."

ముక్కే.
నేను ఎర్ర సిరాతో కోసిన ముక్క.
అమ్మ తల దించుకున్న ముక్క.

ఉద్యోగం ఉత్తరం రాలేదు.
షెడ్డులో నా కుర్చీ అలాగే ఉంది,
ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క.

ఇవాళ అమ్మ తట్టలో ముక్క మూడొందల గ్రాములు.
పెన్ను ఎందుకో పక్క గడిలోకి జారింది.
గుండు గడిలోకి.

అమ్మకి చదువు రాదు. తూకం వచ్చు.
అంకె ఎక్కడ పడిందో చూసింది.
తట్ట తియ్యలేదు.
ఆరేళ్లలో మొదటిసారి నా మొహంలోకి చూసింది.
దిద్దమందో, ఉండనిమ్మందో,
భయపడిందో.

వెనకాల ఊర్మిళ తట్ట నేలకి కొట్టింది,
"ఎంతసేపే?"

"తరవాత," అన్నాను.
ఎనిమిదోది వచ్చింది.
దాని తట్టలోనూ ముక్కే.