కొత్త గడ్డి

పొద్దుటినుంచి మాటల్లేవు మాకు.
పదకొండు రెయిన్‌డీర్లు గడ్డకట్టిన వాగు దాటిపోయాయి.
తప్పు నాదంటాడు యోవ్నా,
కుక్కదంటాను నేను.

ఫిన్మార్క్ మైదానం మీద మైనస్ ముప్ఫై ఒకటి.
గుడారంలో పొయ్యి ఆరబోతోంది.
అటు తిరిగి పడుకున్నాడు,
బూట్లు గుమ్మం దగ్గరే విసిరేసి.
అంత కోపం అన్నమాట.
తెల్లారేసరికి అవి చెక్కబారతాయి,
కొయ్యలో కాలు దూర్చి ఎవడు మాత్రం ఎంత దూరం నడుస్తాడు?

మంట దగ్గర పెడితే తోలు పెళుసెక్కుతుంది.
పెళ్ళైన ఏడు వాళ్ళమ్మ మారెత్ చూపించింది:
తడిగడ్డి మొత్తం లాగెయ్, విదిలించు,
పొగ తగిలేచోట వేలాడదీయ్.
ఆగస్టులో చిత్తడి ఒడ్డున కోసి
రాతికేసి బాది, జడలా పేని దాచిన కట్టొకటి విప్పాను.

చెయ్యి పెట్టి తడిమాను.
మడమ దగ్గర మంచు పలుకు, ఉప్పుగల్లంత.
గోటితో గీకాను.

రెండింటినీ నా పడకసంచిలోకి లాక్కుని
మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను.
పొగ వాసన, చేపనూనె వాసన, అతని వాసన.
నావి పొట్ట దగ్గర ఎలాగూ ఉన్నాయి.
నాలుగు బూట్లతో, ఒక కోపంతో
ఇరుకిరుగ్గా నిద్రపోయాను.

పొద్దున్నే గుమ్మం దగ్గర వెతుక్కున్నాడు.
కాఫీ గిన్నెలో మంచు కూరుతూ
కాలితో అటు తోశాను బూట్లని.
తొడిగాడు. ఆగాడు.
లోపల వేళ్ళు కదపడం తోలు మీంచి కనిపించింది.

"కొత్త గడ్డేనా?"
"ఊఁ."

కుక్క ముందు పరిగెత్తింది.
వాగు వైపు నడిచాం.
తప్పెవరిదో ఇంకా తేలలేదు.