తోడు

కొర్లగుంటలో మా ఇంటికీ వాళ్ళింటికీ గోడ ఒకటే.
అటు మేకు కొడితే
ఇటు సున్నం రాలుతుంది.

మొదటిసారి నేను టీవీ సౌండు పెంచాను.
ఈ మాట రాయడానికి
నాకు పదకొండు నెలలు పట్టింది.

రెండోసారి గిన్నె పడిన చప్పుడు.
తర్వాత ఏ చప్పుడూ లేదు,
ఆ లేకపోవడమే నన్ను లేపింది.
స్టీలు గ్లాసు పట్టుకుని పోయి తలుపు కొట్టాను.
"నాదమునీ, తోడుకు రవ్వంత పెరుగుందా?"
రాత్రి పదకొండున్నర.
మా ఇంట్లో ఆ రోజు పాలే లేవు.

కొట్టిన చేత్తోనే
గడియ తియ్యాల్సొచ్చింది అతనికి.
వెనక వళ్ళెమ్మ
చెవికి కొంగు అదిమిపట్టి
పెరుగు గిన్నె వెతుకుతోంది.
చాలాసేపు వెతికింది.
నేనూ చాలాసేపు నిలబడ్డాను.

మరుసటి వారం మేడమీది చెంగమ్మత్త
చక్కెర అడగను పోయింది, షుగరున్న మనిషి.
ఎదురింటి జీపు డ్రైవరు
కొండ ఆఖరి ట్రిప్పు దిగి వచ్చి
అగ్గిపెట్టె అడిగాడు.
మేమెవరమూ ముందు మాట్లాడుకోలేదు.
"మీ ఇండ్లల్లో ఏమీ ఉండవా?" అని నాదముని అరిస్తే
"ఉండవప్పా" అంది అత్త,
వాళ్ళ గడప మీదే కూర్చుంటూ.

ఫిర్యాదు మాత్రం వళ్ళెమ్మే రాసుకుంది.
బస్టాండు పక్క జిరాక్సు కొట్లో
మూడు కాపీలు తీయించింది.
ఒకటి మా బియ్యం డబ్బాలో ఉంది.

నిన్న రాత్రి పదిన్నరకు
నా తలుపు చప్పుడైంది.
చేతిలో గ్లాసుతో వళ్ళెమ్మ.
"తోడుందా అక్కా?"

ముందు ఆమె చెవి చూశాను.
తర్వాత గ్లాసు.
నిజంగానే పాలు కాచిందంట.