ఇల్లు కదిపిన రోజు

ఐదేళ్లు రాశాను. నాలుగు వందల పదకొండు పేజీలు.
దల్కావె రేవులో టికెట్లు చింపే కిటికీ వెనక కూర్చుని,
ఫెర్రీకీ ఫెర్రీకీ మధ్య,
వాన వెలిసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టే దీవిలో.

రాయడం వచ్చింది. దిద్దడం రాలేదు.

తెలిసినవాళ్లని అడిగాను.
"పదో వంతు కొట్టెయ్" అంది బడి పంతులమ్మ ఎర్మెలిందా.
కొట్టేశాను. కథ కుంటుతూ నడిచింది,
ఏ కాలు పోయిందో చెప్పలేక.
రంగు పెన్సిళ్లు కొన్నాను:
మాటలకి నీలం, వర్ణనకి పచ్చ, అనుమానానికి ఎరుపు.
మూడో అధ్యాయానికల్లా ఎరుపు అరిగిపోయింది.
అట్టముక్కల మీద సన్నివేశాలు రాసి గోడకి గుచ్చాను.
తేమకి పిన్నులు తుప్పుపట్టి
ఒక్కొక్కటే రాలి
పిల్లి పడుకునే బుట్టలో పడ్డాయి.
పొరుగింటి పుల్లకూర రుచంటారు.
నా పొయ్యి మీద మాడింది, అంతే.

మార్చిలో లిసార్దో బర్రియా ఇల్లు కదిపారు.

మా దగ్గర ఇళ్లు కదులుతాయి.
స్థలం అమ్ముడుపోతేనో, గట్టు జారితేనో,
చెల్లెలి పక్కన ఉండాలని బుద్ధి పుడితేనో,
ఇంటిని కూల్చరు, తీసుకుపోతారు.
కింద దుంగలు, ముందు జతలు జతలుగా ఎడ్లు,
తాళ్లకి ఊరంతా.

నేను రొట్టెలు కాల్చడానికి వెళ్లాను.
కాల్చలేదు. నిలబడి చూశాను.

ముందు పొయ్యి దింపారు, ఇనప పొయ్యి.
"అది ఇంటికి గుండె కదా" అన్నాను.
"గుండే. బరువంతా దానిదే, నోల్ఫా.
అది దిగకపోతే నేల విరుగుతుంది."
తర్వాత అద్దాలు. పగిలేవన్నీ
పిల్లలు పొట్టకి ఆనించుకుని పక్కన నడిచారు.
తర్వాత లోపల, గోడ నుంచి గోడకి
అడ్డదిడ్డంగా వాసాలు బిగించారు.
నిలబడ్డ ఇంటికి అవి అక్కర్లేదు,
కదిలే ఇంటికే కావాలి.
చేరాక ఊడదీసి పొయ్యిలో పెడతారు.

నా చేతులకి అంటిన పిండి ఎండిపోయింది.

ఆ రాత్రి కట్ట విప్పాను. పెన్సిల్ తీయలేదు.
మొదటి అధ్యాయం, పడవ మునిగిన రాత్రి.
చదివినవాళ్లంతా మెచ్చుకున్నది అదొక్కటే.
ఐదేళ్లుగా అందులో కామా కూడా కదపలేదు.
తీసి పక్కన పెట్టాను.
మిగతా కట్ట ఒంటి చేత్తో లేచింది.

పగిలే వాక్యాలన్నీ వేరే నోటుబుక్కులోకి ఎక్కించాను.
ఖాళీ అయిన చోట వాసాలు కొట్టాను:
"ఆమె ఎందుకో ఇక్కడ తలుపు తీస్తుంది."
"ఇక్కడ వాన ఆగాలి."
మొరటు వాక్యాలు, ఎవరి కంటా పడనివి.

అప్పుడు లాగాను.
ఒడ్డుకి ఈదుకొచ్చిన తమ్ముడు చెప్పే కథని
ఒడ్డున నిలబడిపోయిన వదిన వైపు.
రోజుకి రెండు పేజీలు, ఒక్కోరోజు బెత్తెడు.
తొమ్మిదో అధ్యాయం దగ్గర తాడు తెగింది.
ఆగస్టంతా బురదలోనే.

లిసార్దో టికెట్ కోసం వచ్చినప్పుడు చెప్పాను ఇదంతా.
చిల్లర లెక్కపెట్టుకుంటూ విన్నాడు.
"ఇల్లు ఇల్లే, పుస్తకం పుస్తకమే.
ఇప్పుడు మా వంటింటి కిటికీలోకి కొండే కనిపిస్తుంది.
రోసాల్బా పొద్దున్నే లేచి
దాంట్లో సముద్రం వెతుకుతుంది.
దాన్నెలా దిద్దుతావు?"

ఫెర్రీ వచ్చింది. జవాబు చెప్పలేదు.

పొయ్యి ఎక్కడ పెట్టాలో నిన్న తెలిసింది.
మూడు వందల పేజీ దాటాక,
ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తూ
పొరుగావిడతో అంటుంది, నాలుగు లైన్లలో,
ఆ రాత్రి సంగతి.
పద్దెనిమిది పేజీలు నాలుగు లైన్లయ్యాయి.
నేల విరగలేదు.

వాసాలు ఇంకా కొన్ని తీయలేదు.
ఒకటి తీయబుద్ధి కావడం లేదు.
"ఇక్కడ వాన ఆగాలి" అని ఉంది
రెండు వందల ఆరో పేజీలో.
ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది.
వాన ఆగలేదు.